తుప్పు పట్టిన బోల్టూ, తొందరపడే చెయ్యీ

మొరాయించిన బోల్టుని చూడగానే సుత్తి అందుకునే మగవాడికి పిల్లనివ్వకూడదని నా అభిప్రాయం. నవ్వకండి. జాతకం చూస్తాం, జీతం చూస్తాం, సొంత ఇల్లా అద్దె ఇల్లా అని ఆరా తీస్తాం. ఊడని మర దగ్గర ఆ మనిషి ఎలా వుంటాడో మాత్రం ఎవ్వరూ చూడరు. నన్నడిగితే అసలు గుణం బయటపడేది అక్కడే. ముందు మామూలుగా తిప్పుతాడు. తిరగదు. పళ్ళు బిగించి తిప్పుతాడు. పానా జారి వేలి కణుపులు చెక్కుకుపోతాయి. అప్పుడు బోల్టుని తిడతాడు, దాన్ని బిగించినవాణ్ణి తిడతాడు, పక్కన టార్చిలైటు పట్టుకు నిలబడ్డ పాపానికి మనల్ని కూడా కసురుతాడు. ఆఖర్ని సుత్తి వస్తుంది. ఆ దెబ్బలకి బోల్టు తల పలకలన్నీ అరిగి చింతపిక్కలా నున్నగా అయిపోతుంది. ఇక దాన్ని ఏ పానా పట్టుకోలేదు. "పాత సరుకు. ఇది ఊడేది కాదు. పాత ఇనపసామానువాడికి వేసేసి కొత్తది కొనుక్కోవడం మేలు" అని తీర్పు చెప్పి, చేతులు దులుపుకుని పేపరు ముందేసుక్కూర్చుంటాడు.

నా పేచీ ఆ తీర్పుతోనే. అరిగింది బోల్టు తల, అరగదీసింది ఆయన చెయ్యి, శిక్ష పడింది మాత్రం మిషనుకి! ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి. ఆ మిషను ఎవరిదని అడిగితే పదింట తొమ్మిదిసార్లు ఇంట్లో ఆడమనిషిదే అయివుంటుంది. కుట్టుమిషనో, గ్రైండరో, మిక్సీయో. ఒక్క మర ఊడలేదన్న కారణానికి పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ సేవచేసిన వస్తువు గుమ్మం దిగి వెళ్ళిపోతుంది. మనం కూడా "పోనీలెండి" అంటాం. ఆ "పోనీలెండి" మీదే ఇవాళ నా యుద్ధమంతా.

మొదట బోల్టు పక్షాన రెండు మాటలు చెప్పనివ్వండి. దానికి మొండితనం లేదు. పాపం, దానికి ఊపిరాడటం లేదంతే. ఇనుముకి నీళ్ళూ, గాలీ కలిసి తగిలితే తుప్పవుతుంది. ఆ నీళ్ళలో ఉప్పుంటే మరీ త్వరగా అవుతుంది. సముద్రపుగాలి తగిలే కాకినాడ, విశాఖపట్నం, బందరు ఊళ్ళల్లో కాపరం చేసినవాళ్ళకి కిటికీ ఊచలని చూస్తే తెలుస్తుంది. అయితే తుప్పులో ఒక చిత్రం వుంది. ఇనుము తుప్పుగా మారాక, మునుపు తానున్న చోటుకి రెండింతలకి మించిన చోటు కావాలంటుంది. నట్టులోపలి మరకీ బోల్టుమీది మరకీ మధ్య వెంట్రుకవాసి సందు వుంటుంది. ఆ సందులో తుప్పు పుట్టి, ఉబ్బి, పక్కకి కదలడానికి దారిలేక రెండింటినీ చీల కొట్టినట్టు బిగించేస్తుంది. రద్దీ బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురు ఇరుక్కుంటే ఎవరు లేవగలరు చెప్పండి? చొక్కా పట్టుకు లాగితే చొక్కా చిరుగుతుంది, మనిషి లేవడు. బోల్టు తల అరిగిపోవడం అంటే ఆ చొక్కా చిరగడమే.

అంచేత చెయ్యవలసింది బలం పెట్టడం కాదు, లోపల పట్టు వదిలించడం. ఇది మనకి కొత్తవిద్యా? రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతే మనం సుత్తి తీసుకుంటామా? లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెడతాం. బయటిది వేడికి సాగుతుంది, లోపలిది చలవకి ముడుచుకుంటుంది, రెండో నిమిషంలో అమ్మాయి చేతికి కూడా ఊడి వస్తుంది. పచ్చడి సీసా మూత బిగుసుకుంటే మూతని వేణ్ణీళ్ళలో ముంచి తిప్పుతాం. మాడిన గిన్నెని రాత్రంతా నానబెడతాం తప్ప అట్లకాడతో గీకి గిన్నెకి చిల్లు పెట్టుకోం. నానబెట్టడం, వేడిచెయ్యడం, ఓపిక పట్టడం. వర్క్‌షాపులో తుప్పు బోల్టు తీసే పెద్ద మెకానిక్కు చేసేవీ ఈ మూడే. కొలువు పేరు మారిందంతే. వంటింట్లో చేస్తే అది ఆడవాళ్ళ చాదస్తం, షెడ్డులో చేస్తే అది టెక్నికల్ విషయం!

కుట్టుమిషను సంగతి ప్రత్యేకంగా ఎత్తుతున్నాను. కారణం వుంది. యంత్రాల మీద గాంధీగారికి ఎంత కోపమో అందరికీ తెలుసు. అంతటి మనిషీ 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక సింగర్ అనే ఆయన ఆ మిషనుని తయారుచేశాడనీ, ఆ యంత్రం వెనక ప్రేమ వుందనీ ఆయన భావం. ఐజాక్ సింగర్ తన మిషనుకి పేటెంటు పుచ్చుకున్నది 1851లో. అతని కాపరం గాంధీగారు అనుకున్నంత ముచ్చటైనది కాదని చరిత్రకారులు రాశారు, ఆ గొడవ మనకొద్దు. మన దేశంలో 1930లలో కలకత్తాలో ఉషా మిషన్లు మొదలయ్యాయి. ఆ తర్వాత సారెలో కుట్టుమిషను పెట్టడం మన ఇళ్ళల్లో ఒక మర్యాదయింది. ఎంతమంది ఆడవాళ్ళు ఆ మిషను మీద పిల్లల స్కూలు ఫీజులు కట్టారో, ఎంతమంది భర్త పోయాక నలుగురి ముందు చెయ్యి చాచకుండా బతికారో మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి. అటువంటి వస్తువుని ఒక మరకోసం కిలోల లెక్కన తూచడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఒప్పేవాళ్ళున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళల్లో వుండిపోయింది కదా. మా మేనమామ కూతురు ఇల్లు అక్కడే. నాకంటే రెండేళ్ళు పెద్ద, వదినా అని పిలుస్తాను. జాకెట్లు కుట్టి సంసారం లాక్కొస్తున్న మనిషి. పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిన తొక్కుడు మిషను నీళ్ళలో మునిగి వుండిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే చెక్కబల్ల ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది, చక్రం కదలదు, ప్లేటు మీది మరలు గోధుమరంగు ముద్దలయ్యాయి. ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్ళాం. కుర్రాడు చేతికందిన స్క్రూడ్రైవరు పెట్టి ఒక మర మీద రెండుసార్లు బలంగా తిప్పాడు. గాడి కాస్తా చిట్లిపోయింది.

"ఇది ఊడదు మేడం. మొత్తం జామైపోయింది. స్క్రాపుకిందైతే నాలుగొందలిస్తాను, కొత్తది వాయిదాల మీద ఇప్పిస్తాను" అన్నాడు షాపాయన.

వదిన నావైపు చూసింది. "ఏమే, నాలుగొందలకి మా అమ్మ ఇచ్చింది అమ్ముకోనా?" అంది. దసరా జాకెట్ల బేరాలన్నీ ఎదురుగా వున్నాయి. ఆ నెల కుట్టకపోతే ఆ ఇంట్లో గడిచేది ఎలాగో ఆవిడకే తెలియదు. కొత్తదానికి వాయిదాలు కట్టాలన్నా కుట్టాలిగా!

"అమ్మొద్దు. నాకు పదిరోజులు టైమివ్వు" అన్నాను.

బల్ల కుళ్ళిపోయింది కాబట్టి మిషను తలభాగం తేలిగ్గానే విడివడింది. పదీ పన్నెండు కిలోల బరువు. ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చాం. ఇక మేం చేసింది వివరంగా చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

మొదటిరోజు ఒక్క మర కూడా ముట్టుకోలేదు. తీగ బ్రష్షుతోనూ పాత టూత్‌బ్రష్షుతోనూ పైతుప్పు రాల్చాం. మర గాడిలో మట్టీ, తుప్పూ గట్టిపడి వుంటే స్క్రూడ్రైవరు అడుగుదాకా దిగదు, అందుకే జారుతుంది. పిన్నీసు మొనతో గాడులన్నీ శుభ్రం చేశాం. తర్వాత ప్రతి మర అంచునా రెండేసి చుక్కలు నూనె వేశాం. పూర్వమైతే కిరసనాయిలు. ఇప్పుడు రేషను షాపుల్లో అది అరుదైపోయింది. బజారులో తుప్పు వదిలించే స్ప్రేలు దొరుకుతున్నాయి. వాటిల్లో అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 కథ నాకు ఇష్టం. 1953లో అమెరికాలో శాన్‌డియాగో ఊళ్ళో ఒక చిన్న కంపెనీవాళ్ళు ఇనుము మీదనించి తేమని తోసేసే మందు తయారుచెయ్యబోయి, ముప్ఫైతొమ్మిదిసార్లు తప్పి, నలభయ్యోసారి సాధించారు. ఆ పేరులో నలభై అదే. మొదట దాన్ని రాకెట్ల ఒంటికి తుప్పు పట్టకుండా పూశారు. వాళ్ళు నలభైసార్లు ప్రయత్నించి చేసినదాన్ని మనవాళ్ళు ఒక్కసారి చిమ్మి, అరనిమిషం ఆగి, "పనిచెయ్యలేదు" అంటారు! నూనె సందులోకి పాకడానికి వ్యవధి కావాలి. మేం రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకి రెండు చుక్కలు వేసి వదిలేసేవాళ్ళం. నాలుగు రోజులు అంతే.

అయిదోరోజున సుత్తి తీశాం. అవును, నేనూ సుత్తి తీస్తాను. కొట్టే తీరులోనే వుంది తేడా అంతా. స్క్రూడ్రైవరు మర గాడిలో నిలబెట్టి, దాని పిడి మీద చిన్నసుత్తితో టక్ టక్‌మని పది దెబ్బలు. తలుపు తట్టినట్టుండాలి, తలుపు బద్దలు కొట్టినట్టు కాదు. ఆ అదురుకి లోపలి తుప్పు చిట్లుతుంది, చిట్లిన చోట నూనె దిగుతుంది. స్క్రూడ్రైవరు ఎంపిక ఇంకా ముఖ్యం. దాని మొన గాడి పొడుగుకీ, మందానికీ సరిగ్గా సరిపోవాలి. గాడిలో మొన అటూ ఇటూ వూగిందంటే అది ఆ మరకి స్క్రూడ్రైవరు కాదు, రంపం. షాపులో కుర్రాడు చేసిన పొరపాటు అదే.

ఇంకొక కిటుకు. ఊడదీయాల్సిన మరని ముందు వెంట్రుకవాసి బిగించేవైపు తిప్పండి. వింతగా వుంటుంది కానీ, పట్టు విడిపోవడానికి కదలిక కావాలి, ఏ వైపైతేనేం? కదిలిందా, వదులు చేసేవైపు పావుచుట్టు తిప్పి, మళ్ళీ కొంచెం వెనక్కి తిప్పి, ఒక చుక్క నూనె వేసి, మళ్ళీ ముందుకి. బిగుసుకున్న జడముడి విప్పినట్టే. ఒకేసారి లాగితే జుట్టు తెగుతుంది.

రెండు మరలు దీనిక్కూడా లొంగలేదు. వాటి మీది నూనె శుభ్రంగా తుడిచి, రేడియో రిపేరువాళ్ళు వాడే టంకం కాల్చే కడ్డీ మొనని వాటి తలమీద కొన్ని నిమిషాలు ఆనించాం. వేడికి మర ఉబ్బుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. ఆ కదలికకి తుప్పు పగులుతుంది. కాస్త వేడిగా వుండగానే కొవ్వొత్తి ముక్క అంటిస్తే మైనం కరిగి సందుల్లోకి పాకింది. గంట తర్వాత ఒకటి కదిలింది, మర్నాడు రెండోది.

తొక్కుడు పలక ఇరుసు దగ్గర బోల్టుల కథ వేరు. వాటిని వదిన కొడుకు ముందే సేవించాడు. ఇంజనీరింగు చదివినవాడే. సైజు మార్చుకునే పానా ఒకటి పట్టుకుని ఆరుపలకల తలని గుండ్రటి తలగా మార్చిపెట్టాడు. ఆ పానాలో నోరు వదులుగా వుంటుంది. నోరు తెరుచుకున్న మామూలు పానా కూడా రెండు పలకలనే పట్టుకుంటుంది. చుట్టూ వుంగరంలా పట్టే రింగు పానా, అందులోనూ ఆరుమూలలది, ఆరు పలకల మీదా సమానంగా వొత్తుతుంది. తల అరగదు. ఇది చిన్న విషయమే, కానీ ఎన్ని బోల్టుల ప్రాణాలు దీనిమీద ఆధారపడి వున్నాయో! అరిగిపోయినదానికీ మందుంది. ఆకురాయితో ఎదురెదురుగా రెండు పలకలు కొత్తగా రాసి, ఒక సైజు చిన్న పానా వెయ్యవచ్చు. లేదా పట్టుకుంటే వదలని బిగింపు శ్రావణం వుంది, వైస్‌గ్రిప్ అంటారు. డెన్మార్కు నించి అమెరికా వలసవెళ్ళిన ఒక కమ్మరి 1920లలో కనిపెట్టాడు. దాన్ని కరిపించి తిప్పితే నున్నటి తల కూడా మాట వింటుంది. మా బోల్టులు అలాగే వచ్చాయి.

ఆఖరికి మిగిలింది షాపు కుర్రాడు గాడి చిట్లగొట్టిన ఆ ఒక్క మర. దాన్ని లేతుషాపు పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన మర నడుమ సన్నగా బెజ్జం వేసి, ఎదురుమర వున్న ఎక్స్‌ట్రాక్టరు దించి తిప్పాడు. తిప్పేకొద్దీ అది లోపల బిగుసుకుని మరనే పైకి లాక్కొచ్చింది. నూటయాభై పుచ్చుకున్నాడు. "ఇలాంటి మర బజార్లో దొరకదమ్మా, పాత మిషన్ల విడిభాగాలవాడి దగ్గర అడగండి" అని సలహా కూడా ఇచ్చాడు. నిజమే. మరలకి ఒక లెక్క వుండాలని 1841లో ఇంగ్లండులో విట్‌వర్త్ అనే ఆయన మొదలుపెట్టిన దగ్గరినించీ ప్రపంచమంతా తలా ఒక కొలత పెట్టుకున్నా, కుట్టుమిషన్ల మరలు మాత్రం చాలావరకు తమ దారి తమదే. అందుకే వాటిని విరగ్గొట్టుకోకూడదు. మిషను దసరాకి ముందే నడిచింది. కొత్త బల్ల వడ్రంగి చేశాడు. మొత్తం ఖర్చు కొత్త మిషను మీద మొదటి వాయిదా కంటే తక్కువ.

ఇక నామీదికి వచ్చే వాదనలకి జవాబు చెప్పాలి.

"ఆడవాళ్ళ చేతుల్లో అంత బలమెక్కడిదండీ?" అంటారు. రుబ్బురోలు పొత్రం తిప్పినప్పుడూ, గిలకబావిలో నీళ్ళు తోడినప్పుడూ ఈ అనుమానం ఎవరికీ రాలేదు! సరే, బలం తక్కువే అనుకుందాం. ఆరంగుళాల పానా చివర పదికిలోల బలం పెట్టాల్సిన చోట, పన్నెండంగుళాల పానా చివర అయిదు కిలోలు చాలు. కాడ పొడుగైతే బలం దానంతటదే వస్తుంది. అయితే కుట్టుమిషను మరల్లాంటి సన్నటివాటి దగ్గర బలం ఎక్కువవడమే ప్రమాదం, తల తెగి చేతికొస్తుంది. అక్కడ నెమ్మదిగా ఆగి చూసే చెయ్యే కావాలి. సూదిలో దారం ఎక్కించే చెయ్యి ఆ పని చెయ్యలేదా?

"టైము దండగ. పదిరోజులు కూర్చుని ఒక పాతమిషనుకి నూనె వేస్తారా?" అంటారు. పదిరోజులూ మేం దాని ముందు కూర్చోలేదు స్వామీ! రోజుకి పదినిమిషాలు. మిగతా పని నూనె చేసింది. ఆవకాయ జాడీ ముందు మనం మూడురోజులూ కాపలా కూర్చుంటున్నామా? ఊరేదాన్ని ఊరనివ్వాలి. టైము గురించి ఇంత బెంగపడే పెద్దమనిషి మర విరగ్గొట్టి, కొత్తది కొనడానికి బజారంతా తిరిగి, వాయిదాల కాగితాల మీద సంతకాలు పెట్టి, రెండేళ్ళపాటు నెలనెలా ఆ బాకీ తలుచుకునే టైము లెక్కలోకి రాదు కాబోలు.

"కొత్తవి ఇంకా బాగుంటాయి కదా?" అన్నది మూడో వాదన. కొన్ని బాగుంటాయి, కాదనను. కానీ కొత్తవాటిలో ఒక దుర్గుణం పుట్టింది. అవి తెరుచుకోవు. తెరవాలంటే మామూలు స్క్రూడ్రైవరు పట్టని వింత తలల మరలు. మూడు కోణాలవి కొన్ని, మధ్యలో ముల్లు వున్నవి కొన్ని. ఆపిల్ కంపెనీ 2011లో తన ఐఫోన్ 4కి అయిదురేకుల పువ్వులాంటి తలవున్న మరలు పెట్టింది. ఎవరింట్లో వుంటుంది ఆ పువ్వుకి సరిపడే స్క్రూడ్రైవరు? పైగా "ఈ కాగితం చింపితే వారంటీ చెల్లదు" అని ఒక బెదిరింపు. తుప్పైనా నయం, అది ప్రకృతి చేసింది. ఇది మనిషి కావాలని పట్టించిన తుప్పు. మన కేంద్ర ప్రభుత్వం వినియోగదారుల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు గురించి ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే ఒక వెబ్‌సైటు కూడా తెరిచింది. మంచిదే. వ్యవసాయ పరికరాలూ, ఫోన్లూ, ఇంటి వస్తువులూ, వాహనాలూ అందులోకి తీసుకున్నారు. అయితే వెబ్‌సైటులో చిరునామాలు ఇచ్చినంత మాత్రాన మర ఊడదు. విడిభాగాలు అమ్మాలి, మామూలు మరలు పెట్టాలి. కొనేముందు "దీన్ని విప్పితే మళ్ళీ బిగించవచ్చా? మరలు బజారులో దొరుకుతాయా?" అని మనం షాపులో గట్టిగా అడగాలి. చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతాం. ఆ పట్టుదలలో సగం మిక్సీ దగ్గర చూపిస్తే చాలు.

అన్నిటినీ పట్టుకు వేలాడమనీ నేననను. ఇనుము గుల్లబారి వేలితో నొక్కితే రాలుతుంటే దాన్ని సాగనంపవలసిందే. కరెంటు వస్తువైతే ముందు ప్లగ్గు తీసి పక్కన పెట్టండి. మోటారు లోపలి వైర్లు తడిసివుంటే తెలిసినవాడికే చూపించండి. గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు, గొట్టం, వీటి జోలికి పొరపాటున కూడా పోవద్దు, కంపెనీ మనిషిని పిలవండి. కిరసనాయిలుగానీ స్ప్రేగానీ వేసిన చోట నిప్పూ, వేడీ రెండూ నిషిద్ధం. పూర్తిగా తుడిచి, గాలి తగిలిన తర్వాతే. తిప్పేవైపు కూడా ఒకసారి ఆలోచించండి. మామూలుగా ఎడమకి తిప్పితే వదులు, కుడికి తిప్పితే బిగువు. కానీ సైకిలు ఎడమ పెడలుది ఎదురుమర. చాలా టేబుల్ ఫ్యాన్లలో రెక్కని పట్టివుంచే మర కూడా అంతే. వదులు చేస్తున్నామనుకుని అరగంటసేపు బిగించే వీరులు నాకు తెలుసు. వాళ్ళ పేర్లు చెప్పను, ఒకరు మావారు.

ఇంకొక మాట, బిగించేటప్పటిది. ఊడిన బోల్టుని తుడిచి, మర మీద ఒక వేలి కొసతో గ్రీజు పూసి బిగించండి. కుట్టుమిషనులో కొబ్బరినూనె పొయ్యకండి. మన ఇళ్ళల్లో ఇది పెద్ద దురలవాటు. అది చలికి గడ్డకడుతుంది, ఏళ్ళు గడిస్తే జిగురవుతుంది. దుమ్మూ, దారపు నూగూ దానికి అంటుకుని మిషను బరువెక్కిపోతుంది. మిషను నూనె చిన్నసీసా ఎంతో వుండదు. దాన్ని కొనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ అనుమతి దగ్గరే అసలు చిక్కు. వంటింట్లో పోపులపెట్టె మనది, దేవుడి గదిలో కుంకుమభరిణె మనది. పనిముట్ల పెట్టె మాత్రం అటక మీద ఆయనది. అది ఎక్కడుందో ఆయనకే తెలియదు, మనల్ని తియ్యనివ్వడు. దించి చూస్తే అందులో వుండేది ఒక వంకర స్క్రూడ్రైవరు, నోరు వదులైన పానా, పిడి లేని సుత్తి. ఈ సరంజామాతో ఇంటిల్లిపాది యంత్రాలకీ వైద్యం జరుగుతోందంటే వాటి ఆయుర్దాయం గురించి వేరే చెప్పాలా? మిషను మనదైనప్పుడు పానా కూడా మనదే కావాలి. రెండు మూడు సైజుల మంచి స్క్రూడ్రైవర్లు, ఒక వరస రింగు పానాలు, చిన్నసుత్తి, ఒక బిగింపు శ్రావణం, తీగ బ్రష్షు, నూనె సీసా. ఒక మామూలు పట్టుచీర ఖరీదులో నాలుగోవంతు కూడా కాదు.

అందుకని పెళ్ళిళ్ళ సీజను వచ్చేలోగా అమ్మలందరికీ నా విన్నపం ఒకటి. పిల్లకి సారె సర్దేటప్పుడు మిఠాయిలూ, పసుపుకుంకుమలూ, స్టీలు సామానూ ఎలాగూ పెడతారు. వాటి పక్కన ఈ పెట్టె ఒకటి పెట్టండి. మూతమీద పిల్ల పేరే రాయించండి, అల్లుడి పేరు కాదు. వియ్యపురాలు "ఇదేం సారె వదినగారూ?" అని ముక్కుమీద వేలేసుకుంటే, ఆవిడ ఇంట్లో మూలనపడ్డ గ్రైండరు ఏదైనా వుందేమో కనుక్కోండి. వుండే వుంటుంది. మొదటి పండక్కి వెళ్ళినప్పుడు పిల్లా, అత్తగారూ కలిసి దాని మరలకి నూనె వెయ్యడం మొదలుపెడతారు.